అంకెలకు ఆకారము

మునుపు మన తెలంగాణ గ్రామములలో పట్వారీ వ్రాసిన పహాణీని చూచినవారికి ఒక సంగతి తెలిసియుండును. గ్రామమునకు సంబంధించిన భూమి వివరమంతయు అందులో నుండెడిది. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, వేసిన పైరు, నీటి వసతి, ఒక్కటియు విడువబడెడిది కాదు. అయినను "ఈ గ్రామమున చెరువు నీరు ఏ వైపు పొలములకు అందుటలేదు?" అని ఎవరైన ప్రశ్నించినచో ఆ పుస్తకము వెంటనే బదులు చెప్పజాలదు. పుటలన్నియు త్రిప్పి, తరి వేరుగను ఖుష్కి వేరుగను కూడుకొనుచు ఒక పూట కష్టపడవలెను. అదే గ్రామపు నక్షాను ముందు పెట్టుకొని, నీరందు పొలములకు పచ్చరంగును, అందని వానికి ఎఱ్ఱరంగును పూసినయెడల, చదువురాని రైతు సైతము క్షణములో వ్రేలు పెట్టి చూపగలడు. పహాణీలోని అంకె ఒక్కటియు మారలేదు. దాని రూపము మాత్రమే మారినది.

ఇట్లు అంకెలకు ఆకారమిచ్చు విద్యను గూర్చియు, అందులో ఇటీవలి పరిశోధకులు కనుగొనిన కొన్ని పద్ధతులను గూర్చియు ఈ వ్యాసమున చెప్పదలచితిని. ఉదాహరణములకై దూరము పోనక్కఱలేదు. మన కరీంనగరు, ఆదిలాబాదు సీమల లెక్కలే చాలును.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది కాదు. రాశిచక్రపు గడులలో గ్రహములను నిలుపుట మన పంచాంగకర్తలకు తరతరములుగా తెలిసినదే గాని, దేశముల ఆదాయవ్యయములను గీతలుగా గీయుట 1786లో విలియము ప్లేఫేర్ అను స్కాట్లండు దేశస్థుడు ప్రకటించిన గ్రంథముతో ప్రసిద్ధికెక్కెను. వృత్తమును ముక్కలుగా కోసి చూపు చిత్రమును 1801లో ఆతడే ప్రచురించెను. 1854లో లండను నగరమున కలరా వ్యాపించినపుడు జాన్ స్నో అను వైద్యుడు మరణములను వీధుల పటముపై గుర్తించి, అవి బ్రాడ్ స్ట్రీటులోని ఒక నీటి పంపు చుట్టును గుమిగూడియున్నవని చూపెను. ఈ కథలు ఇతర పుస్తకములలో దొరకును గావున ఇక్కడ విడిచెదను.

మన కాలపు పరిశోధనము అడిగిన మొదటి ప్రశ్న మిక్కిలి సామాన్యముగా తోచును. చిత్రమును చూచునపుడు మానవుని కన్ను దేనిని సరిగా కొలువగలదు, దేనిని కొలువజాలదు? 1984లో విలియము క్లీవ్‌లాండు, రాబర్టు మెక్‌గిల్ అను అమెరికా పరిశోధకులు పలువిధములగు చిత్రములను మనుష్యులకు చూపి, "ఈ చిన్నది ఆ పెద్దదానిలో నూటికి ఎంత?" అని అడిగి, వారు చెప్పిన జవాబులలోని తప్పును లెక్కించిరి. ఒకే అడుగుగీతపై నిలిచిన కడ్డీల కొనలను పోల్చుటలో కన్ను తక్కువగా పొరబడుచున్నది. అడుగుగీత లేక నిడివిని మాత్రమే పోల్చునపుడు తప్పు పెరుగును. కోణములయెడ ఇంకను పెరుగును. వారు కూర్చిన క్రమములో వైశాల్యమును, రంగు గాఢతయు అడుగున నిలిచినవి. 2010లో జెఫ్రీ హీర్, మైకేల్ బాస్టాక్ అనువారు ఇట్టి పరీక్షలనే ఇంటర్నెట్టు ద్వారా ఎందఱో అపరిచితులచేత చేయించి, ఇంచుమించు అవే ఫలితములను పొందిరి.

దీని ప్రయోజనమును మన లెక్కలతో చూతము. 2011 జనగణనము ప్రకారము నాటి కరీంనగరు జిల్లా జనసంఖ్య 37.76 లక్షలు, నాటి ఆదిలాబాదు జిల్లాది 27.41 లక్షలు. అనగా మొదటిది రెండవదానికి 1.38 రెట్లు. ఒక విద్యార్థి దీనిని రెండు వృత్తములుగా గీయదలచి, వ్యాసములను 1.38 కి 1 చొప్పున తీసికొనెననుకొందము. వృత్త వైశాల్యము వ్యాసముయొక్క వర్గమును అనుసరించును గదా! కావున పెద్ద వృత్తము చిన్నదానికి 1.9 రెట్లు, అనగా ఇంచుమించు రెట్టింపు, అగుపడును. గీసినవాడు నిజాయితీపరుడే, అయినను చూచినవాడు మోసపోయెను.

ఇంకొక విధమైన మోసము కలదు. అదే జనగణనములో అక్షరాస్యత కరీంనగరున నూటికి 64.15, ఆదిలాబాదున నూటికి 61.01. కడ్డీలను సున్న నుండి గాక 60 నుండి మొదలుపెట్టి గీసినచో, ఒకదాని ఎత్తు 4.15 భాగములు, రెండవదాని ఎత్తు 1.01 భాగము. చూచువారికి కరీంనగరు ఆదిలాబాదుకంటె నాలుగు రెట్లు చదువుకొన్నట్లు తోచును. వార్తాపత్రికలలోను ప్రకటనలలోను ఇట్టి కడ్డీలు నేటికిని కనబడుచునే యున్నవి. కడ్డీ చిత్రమును చూడగానే ముందుగా అడుగుగీతను చూచుట అలవరచుకొనదగినది.

ఇక పటముల విషయము. ఇది నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది. ఇచ్చట కొంత నిలిచెదను.

పాత ఆదిలాబాదు జిల్లా విస్తీర్ణము 16,100 చదరపు కిలోమీటర్లకు పైగా నుండెను. పాత కరీంనగరు జిల్లాది సుమారు 11,800. జనము మాత్రము కరీంనగరుననే ఎక్కువ. చదరపు కిలోమీటరునకు అచ్చట సుమారు 320 మంది, ఇచ్చట 170 మంది. ఇప్పుడు జిల్లాకొక రంగు చొప్పున రాష్ట్ర పటమును నింపినచో, కన్నులకు కొట్టవచ్చినట్లు కనబడునది ఆదిలాబాదే. పటములో చోటు ఆక్రమించునది నేల గాని మనుష్యులు కారు. కవ్వాల అడవియంతయు ఒక గూడెమంత జనముండినను లేకపోయినను ఒకే రంగుతో నిండును. ఈ దోషమును తొలగించుటకు పటకర్తలు చుక్కల పద్ధతిని వాడుదురు. నూరుమందికి ఒక చుక్క చొప్పున, ఊళ్ళున్న చోటనే చుక్కలు పెట్టి, అడవులను, చెరువులను, బొగ్గు గనుల తవ్వకములను ఖాళీగా విడిచెదరు. అప్పుడు గోదావరి ఒడ్డు వెంబడి మంచిర్యాల, రామగుండము వైపు చుక్కలు క్రిక్కిఱిసి, ఉట్నూరు గుట్టలలో పలుచగా చెదరి, నేల నిజస్వరూపము బయటపడును.

అంతకంటె లోతైన చిక్కు సరిహద్దులలో నున్నది. 2011లో పాత ఆదిలాబాదు జిల్లా జనములో షెడ్యూల్డు తెగలవారు, అనగా గోండులు, కొలాములు, నాయకపోడులు, ప్రధానులు, తోటీలు మొదలగువారు, నూటికి 18 మంది. ఈ జిల్లా 2016 అక్టోబరు 11వ తేదీన నాలుగుగా విభజింపబడెను. అవే 2011 లెక్కలను క్రొత్త సరిహద్దులలో కూడి చూచినచో తెగలవారు ఆదిలాబాదున నూటికి సుమారు 32, కొమురం భీం ఆసిఫాబాదున 26, నిర్మలులో 11, మంచిర్యాలలో 7 అని తేలును. మనుష్యుడొక్కడును ఇల్లు మారలేదు. జనగణకుడు మరల ఎవరి తలుపును తట్టలేదు. కాగితముమీద గీత మాత్రమే కదలినది. దానితో పటము పూర్తిగా మారిపోయినది.

పై తరగతుల విద్యార్థులు దీనిని స్వయముగా సరిచూచుకొనవచ్చును. 2011 జనసంఖ్యను క్రొత్త సరిహద్దుల ప్రకారము తీసికొనిన, ఆదిలాబాదు 7.09 లక్షలు, ఆసిఫాబాదు 5.16, మంచిర్యాల 8.07, నిర్మలు 7.09. ఒక్కొక్క జనసంఖ్యను దాని శాతముతో గుణించి, నాలుగింటిని కూడి, మొత్తము 27.41తో భాగించినచో 18 వచ్చును. అట్లుగాక 32, 26, 11, 7 లను ఊరక కూడి నాలుగుతో భాగించినచో 19 వచ్చును, అది తప్పు. చిన్న జిల్లాకును పెద్ద జిల్లాకును ఒకే బరువు వేయుటయే ఆ తప్పునకు కారణము.

ఈ చిక్కును 1979లో స్టాన్ ఓపెన్‌షా, పీటర్ టేలర్ అను భూగోళ శాస్త్రజ్ఞులు విపులముగా పరీక్షించిరి. అమెరికాలోని అయోవా రాష్ట్రపు 99 కౌంటీలను పలురీతుల గుంపులుగా కలుపుచు, ఓట్లకును వృద్ధుల సంఖ్యకును గల సంబంధమును లెక్కించిరి. గుంపు చేయు విధమును బట్టి ఆ సంబంధము ఒకసారి మిక్కిలి అనుకూలముగను, ఒకసారి మిక్కిలి ప్రతికూలముగను వచ్చెను. సరిహద్దులు గీయువాడు తాను కోరిన జవాబును పొందగలడని దీనివలన తెలియుచున్నది.

ఇది కేవలము పండితుల వినోదము కాదు. ఒక ఆసుపత్రియో, ఒక ఆశ్రమ పాఠశాలయో ఎచ్చట నెలకొల్పవలెనని నిర్ణయించు అధికారి ముందు పాత జిల్లా సగటు ఒక్కటే యున్నచో, మంచిర్యాల బొగ్గు గనుల పట్టణములును నార్నూరు గుట్టలలోని గూడెములును ఒకే రంగున నుండును. వానకాలమున వాగు పొంగి దారి తెగిన గూడెములో జ్వరపడిన బిడ్డ ఆ రంగులో కనబడదు. మండలము వారీగా గీసినను, మండల కేంద్రమును దాని చివరి గూడెమును ఒకటిగనే చూపును. అందువలన ఇప్పటి పరిశోధకులు ఒకే లెక్కను జిల్లాగా, మండలముగా, గ్రామముగా మార్చి మార్చి గీసి, ఏ సంగతి అన్ని పటములలోను నిలుచుచున్నదో, ఏది ఒక్క పటములోనే పుట్టి మఱియొక పటములో మాయమగుచున్నదో చూచుచున్నారు.

ఇంతవరకు ఒక్కొక్క స్థలమునకు ఒక్కొక్క అంకెనే తీసికొంటిమి. ఒక్కొక్క వస్తువునకు పది, ఇరువది కొలతలున్నప్పుడేమి చేయవలెను? కాగితమునకు నిలువు, అడ్డము అను రెండే దిక్కులు కలవు. ఈ ప్రశ్నకు జవాబిచ్చినవారిలో మన తెలుగువారగు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ముఖ్యులు. 1920లో హడగల్లిలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమును, కలకత్తాలో సాంఖ్యక శాస్త్రమును అభ్యసించి, కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము పొందిన ఈయన 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమానమును స్వీకరించి, ఆ యేడే నూటరెండేండ్ల వయస్సున పరమపదించిరి. సంయుక్త పరగణాలలో 1941లో జరిగిన ఒక సర్వేలో పలు కులముల, తెగల వారి ఎత్తు, తల పొడవు, ముక్కు కొలత మొదలైనవి సేకరింపబడినవి. (మనుష్యులను కులము వారీగా కొలుచుటను నేటివారు సందేహముతో చూచుదురు, అది న్యాయమే. ఇక్కడ మనకు కావలసినది గణిత పద్ధతి మాత్రమే.) మహలనోబిస్, మజుందారు, రావుగార్లు దానిని విమర్శించి 1949లో ప్రకటించిరి. 1948లో రావుగారు ప్రచురించిన వ్యాసములో, అన్ని కొలతలను కలిపి, గుంపుల నడుమ భేదము అత్యధికముగా కనబడునట్లు రెండు క్రొత్త అక్షములను కనుగొని, ఒక్కొక్క గుంపును కాగితముమీద ఒక్కొక్క చుక్కగా నిలుపు మార్గము చూపబడెను.

దీనిని తోలుబొమ్మలాటతో పోల్చవచ్చును. తెరమీద పడునది నీడయే. వస్తువును ఒక వైపు త్రిప్పినచో నీడ ఒక ముద్దవలె నుండును. వేరొక వైపు త్రిప్పినచో ముక్కు, చేతులు, ఆయుధము అన్నియు విడివిడిగా తెలియును. రావుగారి గణితము ఏ వైపునుండి దీపము పెట్టవలెనో చెప్పును. కంప్యూటర్లు వచ్చిన పిమ్మట ఈ మార్గము మిక్కిలి విస్తరించినది. 2008లో వాన్ డెర్ మాటెన్, హింటన్ అనువారు ప్రకటించిన పద్ధతి వేలకొలది వస్తువులను ఒక్క కాగితముపై గుంపులుగా అమర్చును. కాని అది నీడను వంచి పరచును గావున, అందులో రెండు గుంపుల నడుమ కనబడు దూరమును నిజదూరమని నమ్మరాదు. రావుగారి పటములో దూరమునకు అర్థము కలదు. క్రొత్తది కావున మేలైనదని తలచువారు ఈ భేదమును గమనింపవలెను.

కంప్యూటరు మనకు బదులుగా చిత్రమును ఎన్నుకొనగలదా? 1986లో జాక్ మెకిన్లే అను పరిశోధకుడు, కంటి శక్తిని గూర్చిన నియమములను కంప్యూటరునకు నేర్పి, ఇచ్చిన లెక్కకు తగిన చిత్రమును అదియే గీయునట్లు చేసెను. 1999లో లీలండు విల్కిన్సను చిత్రములకొక వ్యాకరణమును రచించెను. మన భాషలో కర్త, కర్మ, క్రియలు కలిసి వాక్యమైనట్లే, లెక్క, గుర్తు, అక్షము, రంగు అనునవి కలిసి చిత్రమగునని ఆతని సిద్ధాంతము. వ్యాకరణ మేర్పడిన పిమ్మట తప్పొప్పులను యంత్రము దిద్దగలదు. 2018లో వాషింగ్టను విశ్వవిద్యాలయము వారు వెలువరించిన డ్రేకో అను సాధనము ఇట్టిదే. కొన్ని నియమములు దాటరానివి. కొన్ని దాటవచ్చును గాని దాటినందుకు కొంత అపరాధము కట్టవలెను. అన్నిటికంటె తక్కువ అపరాధము గల చిత్రమును యంత్రము ఎన్నుకొనును. ఏ నియమమునకు ఎంత అపరాధమను దానిని మనుష్యులపై జరిపిన ప్రయోగముల నుండి నేర్చుకొనును. ఈ ఏర్పాటు నాకు మిక్కిలి నచ్చినది. పరిశోధన పత్రికలలో ఎక్కడెక్కడనో పడియున్న ఫలితములు ఇట్లు అక్కఱకు వచ్చుచున్నవి.

అయినను యంత్రము ఇచ్చిన మొదటి చిత్రముతో తృప్తిపడరాదు. 1996లో బెన్ ష్నైడర్‌మన్ చెప్పిన క్రమము నేటికిని అనుసరింపబడుచున్నది: మొదట మొత్తమును చూడుము, పిమ్మట దగ్గఱకు పోయి అక్కఱలేనిదానిని తొలగింపుము, చివరకు కోరినచోట వివరములను అడుగుము. కడెం ప్రాజెక్టును తీసికొనుడు. ప్రస్తుతము నిర్మలు జిల్లాలోనున్న ఈ జలాశయమునకు 18 గేట్లు కలవు. అవి విడువగల నీరు సెకనునకు సుమారు 3 లక్షల ఘనపుటడుగులు. 1958లో వరద కట్టమీదుగా పొర్లి గండిపడెను. 2022 జూలైలో 5 లక్షలకు పైగా వరద వచ్చి, నీరు మరల కట్టమీదుగా పాఱెను. దిగువ గ్రామముల ప్రజలను రాత్రికి రాత్రి తరలించిరి, కట్ట మాత్రము నిలిచెను. ఇప్పుడు ఆ జూలై నెల ప్రవాహమును నెలకొక కడ్డీగా గీసినచో, అది మంచి వానకాలమువలె కనబడును. దినమున కొక చుక్కగా గీసినచో ఒక శిఖరము లేచును. గంటకొక చుక్కగా గీసినప్పుడే, గేట్ల శక్తిని సూచించు అడ్డగీతను ప్రవాహము ఏ గంటలో దాటెనో, గ్రామస్థులకు ఎంత వ్యవధి యుండెనో తెలియును. సగటును మాత్రమే చూచువానికి ఆ రాత్రి జరుగనేలేదు.

చివరకొక అపాయమును చెప్పవలసియున్నది. లెక్కలను ఎన్నో విధముల త్రిప్పి త్రిప్పి చూచువానికి, ఏదో ఒక ఆకారము కనబడకమానదు. మేఘములలో ఏనుగును చూచుట వంటిదిది. 2018లో ప్రకటింపబడిన ఒక ప్రయోగములో, పరిశోధకులు తామే కల్పించిన లెక్కలను కొందఱికిచ్చి, చిత్రముల సాయముతో పరిశీలింపుడనిరి. లెక్కలు కల్పితములు గావున ఏది నిజమో, ఏది కాకతాళీయమో వారికి ముందే తెలియును. పాల్గొన్నవారు కనుగొంటిమని చెప్పిన సంగతులలో నూటికి 60కి పైగా అసత్యములని తేలెను.

దీనికి మందుగా 2009లో ఆండ్రియాస్ బూయా మొదలగువారు సూచించిన ఉపాయము మన పాఠశాలలో కాగితము, పెన్సిలుతోనే చేయదగినది. పోలీసువారు అనుమానితుని ఇతరుల నడుమ నిలిపి సాక్షిని గుర్తింపుమందురు గదా! అట్లే నిజమైన చిత్రమును 19 కల్పిత చిత్రముల నడుమ నిలుపవలెను. వాన కురిసిన దినములలో బడికి వచ్చు పిల్లల సంఖ్య తగ్గుచున్నదా అని మనకు సందేహము కలిగెననుకొందము. జూలై, ఆగస్టు నెలలలోని బడిదినముల వర్షపాతమును మిల్లీమీటర్లలో ఒక వరుసగను, ఆయా దినముల హాజరీని మఱియొక వరుసగను వ్రాయవలెను. వర్షపాతము అడ్డముగను, హాజరీ నిలువుగను పెట్టి చుక్కలు గుర్తించిన అది నిజమైన చిత్రము. తరువాత హాజరీ అంకెలను చీటీలమీద వ్రాసి, కుండలో వేసి బాగుగా కలిపి, ఒక్కొక్కటిగా తీసి వర్షపాతము ప్రక్కన ఉంచి, ఆ జతలతో ఒక చిత్రమును గీయవలెను. ఇట్లు 19 మారులు చేసిన 19 కల్పిత చిత్రములగును. వీనిలో వానకును హాజరీకిని ఏ సంబంధమును ఉండదు.

ఇరువదింటిని ఒకే కొలతతో గీసి, వెనుక వైపున మాత్రమే గుర్తుపెట్టి, గోడపై అంటింపవలెను. గీసినవారు కాక, లెక్కలను ఎన్నడును చూడని వేరొక తరగతి విద్యార్థిని పిలిచి, "వీనిలో తక్కినవానికంటె భిన్నమైనది ఏది?" అని మాత్రమే అడుగవలెను, వానను గూర్చియు బడిని గూర్చియు ఒక్క మాటయు చెప్పరాదు. ఆతడు నిజమైనదానినే చూపినచో, అది ఊహతో తగులుటకు ఇరువదింట ఒక్క పాలే అవకాశము కలదు. ఒకరితో ఒకరు మాటలాడుకొనని ఇద్దఱు విద్యార్థులు వేర్వేరుగా వచ్చి దానినే చూపినచో నన్నూటిలో ఒక పాలు. ఎవరును గుర్తింపలేకపోయినచో, మనకు కనబడిన సంబంధమును అప్పటికి ప్రక్కనపెట్టి, మఱుసటి వానకాలపు హాజరీ పట్టీ వచ్చువఱకు వేచియుండవలెను.